చేసి నేర్చుట, కలసి వసించుట

ఖతార్ రాజధానియైన దోహా నగరమునకు పడమట, అల్ రయ్యాన్ ప్రాంతమున, సుమారు 12 చదరపు కిలోమీటర్ల మేర ఎడ్యుకేషన్ సిటీ అను విద్యాపురము వెలసియున్నది. 1995లో అప్పటి ఖతార్ అమీరు షేక్ హమద్ బిన్ ఖలీఫా, షేఖా మోజా దంపతులు నెలకొల్పిన ఖతార్ ఫౌండేషన్ దానికి మూలాధారము. 1998లో అమెరికా దేశపు వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయపు కళాశాఖ అక్కడ తొలి అడుగిడగా, పిమ్మట కార్నెల్ వైద్యకళాశాల, టెక్సాస్ ఏ అండ్ ఎం, కార్నెగీ మెలన్, జార్జ్‌టౌన్, నార్త్‌వెస్టర్న్ సంస్థలు దశాబ్దకాలములోనే వచ్చి చేరినవి. సహజవాయు సంపద గల దేశమునకు భవనములు కట్టుట కష్టము గాదు. ఆ భవనములలో అడుగుపెట్టిన పదునెనిమిదేండ్ల విద్యార్థి ఎట్లు తీర్చబడుచున్నాడన్నదే విచారింపదగిన విషయము.

కార్నెల్ వైద్యకళాశాలలో 2002లో బోధన ఆరంభమైనది. 2008లో తొలి వైద్యులు పట్టభద్రులైరి. అచ్చట ఆసుపత్రి గదులను పోలిన గదులలో, రోగి పాత్ర వహించుటకు శిక్షణ పొందినవారు విద్యార్థులకై వేచియుందురు. ఎదలో నొప్పి యని చెప్పు ఆ వ్యక్తిని పలుకరించి, చేతులు శుభ్రపరచుకొని, నొప్పి ఎప్పుడు మొదలైనది, ఎటు ప్రాకుచున్నది, ఇంటిలో మరెవ్వరికైన నిట్టిది కలదా యని విద్యార్థి ఓర్పుతో అడిగి తెలిసికొనవలెను. తప్పొప్పులు ఆచార్యులు చెప్పుదురు; తన ముఖమైన చూడక ప్రశ్నలు కురిపించినప్పుడు రోగి మనసున కెట్లుండునో ఆ పాత్రధారి చెప్పును. నూరు పుటలు చదివినను కలుగని మెలకువ ఆ ఒక్క మాటతో కలుగును.

వైద్యమునకే గాక ఇతర శాస్త్రములకును చేసి నేర్చు ఈ పద్ధతి విస్తరించినది. డిగ్రీ విద్యార్థులు ఆచార్యుల మార్గదర్శకత్వమున చిన్న బృందములుగా పరిశోధన చేయుటకు ఖతార్ జాతీయ పరిశోధన నిధి 2006 నుండి ప్రత్యేకముగా ధనసహాయము చేయసాగెను. త్రాగునీటికి ప్రధానముగా సముద్రముపైనే ఆధారపడు ఆ దేశమున, ఉప్పునీటిని శుద్ధిచేయు విధానమును పరీక్షించు విద్యార్థికి రసాయనశాస్త్రము పరీక్షాపత్రములోని ప్రశ్నగా గాక తన ఊరి అవసరముగా గోచరించును. తలచిన ఫలితము రానప్పుడు ఎచట పొరబడితినని వెదకుకొనుటయే శాస్త్రబుద్ధికి తొలిమెట్టు.

ఇక నివాసము. అక్కడి వసతిగృహములు స్త్రీలకును పురుషులకును వేర్వేరుగా నున్నవి; భిన్న విశ్వవిద్యాలయముల విద్యార్థులు అందు వసింతురు. ఒక సంస్థలో చేరినవారు మరియొక సంస్థలోని పాఠములకును హాజరు కావచ్చును. రంజాను మాసమున వేకువకు ముందే సహరీ భోజనమునకై లేచు మిత్రుని అలికిడిని గౌరవించుటయు, సాయంకాలము ఇఫ్తారు విందున పాల్గొనుటయు, పరమతమును గూర్చిన గ్రంథపఠనమునకు ప్రాణము పోయును. అంతర్జాతీయ వ్యవహారములు చదువు జార్జ్‌టౌన్ విద్యార్థులు కలహపీడిత దేశముల చరిత్రను తరగతిలో అభ్యసించి, రువాండా వంటి చోట్లకు స్వయముగా పోయి, అచటి ప్రజలతో సంభాషించి వచ్చుటయు ఈ కోవకు చెందినదే.

కలసి వసించి నేర్చు ఈ భావము మన తెలుగునేలకు క్రొత్తది గాదు. ప్రాచీన ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలోని బౌద్ధ విహారములలో భిక్షువులు కలసి వసించుచు శాస్త్రచర్చ సాగించిరి. 1971లో తెలంగాణలోని సర్వేలున గురుకుల పాఠశాల వెలసెను. 2008లో ఆరంభమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో గ్రామీణ విద్యార్థులకు నివాసవిద్య నొసగసాగెను. అయినను వసతిగృహమనగా భోజనము, నిద్ర, స్టడీ అవర్లు, ర్యాంకులు మాత్రమే యను తలంపు మనలో పాతుకొనిపోయినది. తోడివాడు పోటీదారుగనే కనబడు చోట నివాసము విద్య కానేరదు.

ఇక దోహా విషయమునకు మరలిన, టెక్సాస్ ఏ అండ్ ఎం తన అచ్చటి శాఖను 2028 నాటికి మూసివేయుటకు 2024లో నిర్ణయించినది. సంస్థలు వచ్చును, పోవును. చేసి నేర్చిన విద్యార్థి నేర్పు మాత్రము వానిని వీడదు. అట్టి నేర్పునకు వాయుసంపద అక్కరలేదు. మన ప్రతి డిగ్రీ కళాశాలయు చెరువునీరో, చేనిమన్నో, ఊరి ఆరోగ్యమో ఒక్క స్థానిక సమస్యను ఏటేట విద్యార్థులకు అప్పగించి, వారు కనుగొన్నదానిని గ్రామసభలో వారిచేతనే చెప్పించినచో, చదువునకు ఊరును, ఊరికి చదువును దక్కును.