నేలలో నిద్రించే శత్రువు

అండమాన్ దీవులలో చలికాలమన్నది పేరుకే. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లో జనవరి రాత్రులలో సైతం ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీలకు దిగువకు పోదు. మరి మంచు కురిసే జపానులో వరి కాండం తొలుచు పురుగు శీతకాలాన్ని ఎట్లు దాటుతున్నది?

పగటి నిడివి తగ్గడమే దానికి సంకేతం. లార్వా ఆహారం మాని కొయ్యకాళ్ళలో, గడ్డిలో ఒదుగుతుంది. దేహంలోని గ్లైకోజన్‌ను గ్లిసరాల్‌గా మార్చుకుంటుంది. శీతల దేశాలలో మోటారు రేడియేటరులో పోసే ద్రవంవలె ఇది దేహరసాన్ని సులభంగా గడ్డకట్టనివ్వదు. శ్వాసక్రియ మందగిస్తుంది, నిల్వయున్న కొవ్వే ఆధారమవుతుంది. ఈ సుప్తావస్థనే శాస్త్రజ్ఞులు డయాపాజ్ అంటారు.

మన వైపు కీటకాలకు గండం చలి కాదు, అనావృష్టి. రాయలసీమ వేరుశనగను నాశనం చేసే ఎర్ర గొంగళి పురుగు కోశస్థ దశలో గట్ల వెంట, చెట్ల నీడన నేలలో సుమారు 10 నెలలు నిద్రిస్తుంది. తొలకరి పడగానే రెక్కల పురుగులు ఒక్కమారుగా వెలువడి గుడ్లు పెడతాయి. లేత పైరు, ఆకలిగొన్న గొంగళ్ళు ఏకకాలంలో ఎదురుపడతాయి. అప్పుడు రైతుకు మిగిలేది కన్నీరే.

ఈ దీవులలోనూ జనవరి నుండి ఏప్రిల్ వరకు వానలు తక్కువ. కోత అనంతరం పొలంలో మిగిలిన కొయ్యకాళ్ళు కాండం తొలుచు పురుగుకు ఆశ్రయం కాగలవు. వేసవి దుక్కి చేయమని మన పెద్దలు చెప్పినది ఇందుకే. నాగలి పైకి తెచ్చిన పురుగును ఎండ మాడ్చుతుంది, పక్షి ఏరుకుంటుంది. శత్రువు నిద్రించే వేళయే రైతు మేల్కొనవలసిన వేళ.