ఎల్‌ఎల్‌సీలో పెత్తనం ఎవరిది?

అమెరికాలో నలుగురు తెలుగువాళ్లు కలిసి డాలస్ శివార్లలో ఒక గ్యాస్ స్టేషనో, అద్దెకిచ్చే ఇళ్లో కొనాలనుకుంటే ముందుగా పెట్టేది ఎల్‌ఎల్‌సీ, అంటే లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ. ఏ రాష్ట్రంలో రిజిస్టర్ చేయించాలి, పన్నెంత, పేరేమిటి అన్న చర్చ ఎంతసేపైనా సాగుతుంది. రిజిస్ట్రేషన్ నిజానికి చిన్న పనే. టెక్సస్‌లో సర్టిఫికెట్ ఆఫ్ ఫార్మేషన్ నింపి 300 డాలర్లు కడితే చాలు. కంపెనీని నడిపేది మెంబర్లా (అంటే యజమానులా), మేనేజర్లా అని కూడా ఆ ఫారమే అడుగుతుంది. క్షణంలో టిక్కు పెట్టేయగల ఆ ప్రశ్నే అన్నిటికన్నా బరువైనది. ఒక్కరే యజమాని అయితే దీని గురించి పెద్దగా తల పట్టుకోనక్కర్లేదు. ఒకరికి మించి ఉన్నారంటే మాత్రం ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఎందుకో తెలియాలంటే ఎల్‌ఎల్‌సీ పుట్టుక చూడాలి. కార్పొరేషన్‌లో వాటాదారుడి సొంత ఆస్తికి రక్షణ ఉంటుంది, కానీ లాభం మీద కంపెనీ ఒకసారి, డివిడెండు మీద వాటాదారుడు మరోసారి పన్ను కట్టాలి. మామూలు భాగస్వామ్యంలో పన్ను ఒక్కసారే, కానీ అప్పులకు ఇల్లూవాకిలీ పూచీ. ఈ రెండు చిక్కులనూ తప్పించడానికి 1977లో వయోమింగ్ రాష్ట్రం తొలి ఎల్‌ఎల్‌సీ చట్టం చేసింది. దానికి భాగస్వామ్యపు పన్ను పద్ధతి వర్తిస్తుందని 1988లో పన్నుల శాఖ తేల్చాక మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. లోపలి పాలన ఎలా ఉండాలో చాలావరకు యజమానులకే వదిలేయడం ఈ చట్టాల పద్ధతి. వాళ్లు రాసుకునే ఆపరేటింగ్ అగ్రిమెంటే కంపెనీకి రాజ్యాంగం. అందులో రాయని చోట చట్టం తన మాట చెల్లిస్తుంది, ఆ మాట రాష్ట్రానికొకటి. ఒకరు 60 శాతం పెట్టుబడి పెట్టి, ముగ్గురు మిగిలిన 40 శాతం పంచుకున్నారనుకుందాం. లాభాల వాటాలూ అవే. ఒప్పందం లేకపోతే టెక్సస్‌లో తలకొక ఓటు, ముగ్గురిదే పైచేయి. డెలావేర్‌లో లాభాల్లో సగానికి మించి వాటా ఉన్నవాళ్ల మాట చెల్లుతుంది కాబట్టి, ఆ ఒక్కరే ముగ్గుర్నీ కాదనగలరు. మనుషులు వాళ్లే, డబ్బూ అదే.

పెట్టుబడి ఎక్కువతక్కువలుగా ఉండి, చాలామందికి వేరే ఉద్యోగాలు ఉన్నచోట మేనేజర్ పద్ధతే మేలని నా అభిప్రాయం. మెంబర్లే నడిపే కంపెనీలో సాధారణంగా ప్రతి మెంబరూ కంపెనీ తరఫున సంతకం పెట్టగలడు. ఒకరు ఒప్పుకున్న సరఫరా కాంట్రాక్టు కంపెనీ మొత్తానికి చుట్టుకుంటుంది. డెలావేర్‌లో మేనేజర్‌ను పెట్టుకున్నా ఒప్పందంలో కాదని రాసుకోకపోతే మెంబర్లకు ఆ అధికారం అలాగే ఉంటుంది. మనవాళ్ల విషయంలో వీసా చిక్కొకటి. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు తమకు వీసా తెచ్చిన సంస్థకే పనిచేయాలి. వాటా కొనడం వేరు, షాపులో కూర్చుని సరుకు తెప్పించడం వేరు. గ్రీన్‌కార్డు ఉన్నవారొకరు మేనేజరైతే ఆ గీత స్పష్టంగా ఉంటుంది. కాగితం మీద మేనేజర్ ఒకరు, గల్లాపెట్టె దగ్గర మరొకరు అయితే మాత్రం ఆ కాగితం కాపాడదు.

స్నేహితుల మధ్య ఇన్ని రాతకోతలెందుకని కొందరంటారు. రాసుకోనంత మాత్రాన షరతులు లేకుండా పోవు. టెక్సస్‌లోనో డెలావేర్‌లోనో శాసనసభ రాసిన షరతులు వచ్చి కూర్చుంటాయి. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: పెత్తనం ఒక్కడికే ఇస్తే డబ్బు మింగేస్తే? ఆ భయం న్యాయమైనదే. మేనేజర్‌కు ఉండాల్సిన విశ్వాస బాధ్యతలను ఒప్పందంతో పూర్తిగా తీసేయడానికి కూడా డెలావేర్ చట్టం ఒప్పుకుంటుంది, ఒప్పందాన్ని చిత్తశుద్ధితో పాటించాలన్న కనీస షరతు ఒక్కటే మిగులుతుంది. కాబట్టి నెట్‌లో దొరికిన నమూనా మీద కళ్లు మూసుకుని సంతకం చేయకూడదు. ఆస్తి అమ్మకం, కొత్త అప్పు, కొత్త మెంబరు, మేనేజర్ సొంతవాళ్లతో లావాదేవీ వంటివి అందరూ ఓటేసి తేల్చాలని రాసుకోవచ్చు. మేనేజర్ జీతం, అతన్ని తొలగించే పద్ధతి, బ్యాంకు ఖాతాను ఎవరైనా ఎప్పుడైనా చూసే హక్కు కూడా అందులోనే ఉండాలి. రోజువారీ పని ఒకరి చేతిలో, పెద్ద నిర్ణయాలు అందరి చేతిలో ఉంటాయి.

మేనేజర్ పద్ధతికి మూల్యమూ ఉంది, దాని గురించి మాట్లాడుకునేది తక్కువ. ఫ్లోరిడా నారింజ తోటల అమ్మకం మీద వచ్చిన హోవీ కేసులో 1946లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కొలబద్ద పెట్టింది. ఉమ్మడి వ్యాపారంలో డబ్బు పెట్టి, ఇతరుల శ్రమ మీద లాభం ఆశిస్తే అది సెక్యూరిటీ కిందికి వస్తుంది. ఏ పనీ చేయని పది మంది దగ్గర వాటాలు వసూలు చేసి అపార్ట్‌మెంట్లు కొనే మేనేజర్ ఈ గీత దాటే అవకాశమే ఎక్కువ. అప్పుడు ఆ వాటాలను రిజిస్టర్ చేయాలి, లేదా ఏదో ఒక మినహాయింపు కిందికి తెచ్చి దాని నిబంధనలు పాటించాలి. వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టడానికి ముందే లాయరును కలవాలి.