కొండలెక్కిన కమ్మరి

నా చిన్నతనంలో దుక్కులకు ముందు నాన్న వెంట కమ్మరి కొలిమికి పోయేవాణ్ణి. అరిగిపోయిన కర్రు ఎర్రగా కాలి, దాగలి మీద సమ్మెట దెబ్బలకు సాగుతూవుంటే గుడ్లప్పగించి చూసేవాణ్ణి. అందుకే ఇవాన్ షునార్డ్ గూర్చి చదివినపుడు ఎవరో తెలిసినవాడిలాగే తోచాడు. 1973లో పటగోనియా బట్టల కంపెనీ పెట్టినవాడుగా అతనికి లోకమంతా పేరుంది గాని, నాకు మాత్రం ఆ బట్టలకన్న అతని మేకులే గొప్పవి.

1938లో పుట్టిన ఈ అమెరికన్, 1957లో పాత సామాన్ల కొట్టులో బొగ్గుల కొలిమి, దాగలి, పటకార్లు కొనుక్కుని కమ్మరం తనకు తానే నేర్చుకున్నాడు. మొదటి మేకులు దేనితో చేశాడనుకున్నారు? కోతయంత్రపు పాత బ్లేడుతో!

ఈ మేకుల్ని పిటాన్లంటారు. నిలువు బండ ఎక్కేవాడు పగుల్లో పిటాన్ దిగగొట్టి, దాని కంటికి కొక్కెం తగిలించి, అందులోంచి తాడు పోనిస్తాడు. కాలు జారిందా, ప్రాణం ఆ మేకు మీదనే. యూరప్ పిటాన్లు మెత్తటి ఇనుమువి. పీకితే పాడవుతాయి గనుక అక్కడే వదిలేసేవారు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో గోడలు వేల అడుగులు. అన్ని మేకులు ఎవరు మోస్తారు? జాన్ సలాతే అనే స్విస్ కమ్మరి అంతకుముందే గట్టి ఉక్కు మేకులు చేసి దారి చూపాడు. షునార్డ్ క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు వాడాడు. కొట్టి, పీకి, మళ్ళీ పైన కొట్టుకోవచ్చు. గంటకు రెండు చేసి, ఒక్కొక్కటి ఒకటిన్నర డాలరుకు అమ్మేవాడు. 1964లో ఎల్ కాపిటాన్ కొండమీద నార్త్ అమెరికా వాల్‌ను మొదటిసారి ఎక్కిన నలుగురిలో తానూ ఒకడు. 1970 నాటికి అమెరికాలో ఈ సామాను అమ్మేవారిలో అతని కంపెనీయే పెద్దది.

చిక్కంతా అక్కడే వచ్చింది. మేకు గట్టిదయ్యేసరికి గ్రానైటు ఓడిపోయింది. దిగగొట్టేటపుడు దెబ్బలు, పీకేటపుడు అటూ ఇటూ మళ్ళీ దెబ్బలు. వచ్చిన ప్రతివాడూ అదే పగుల్లో కొడితే అంచులు రాలి గుంటలు పడ్డాయి. ఎల్ కాపిటాన్‌లోనే నోస్ అనే దారి కొన్నేళ్ళలో ఎంత చెడిపోయిందో చూసి షునార్డ్‌, అతని భాగస్వామి టామ్ ఫ్రాస్ట్ మనసు మార్చుకున్నారు. బువ్వ పెట్టే సరుకునే మానుకోవటమంటే మాటలా!

1972 కేటలాగులో పిటాన్ల వల్ల జరిగే చెరుపు తామే రాసి, బదులుగా అల్యూమినియం చీలలు చూపించారు. బ్రిటన్ వాళ్ళు అప్పటికే యంత్రాల నట్లకు తాడు గుచ్చి వాడేవారు. స్టాపర్ అనే చీల పైన వెడల్పు, కింద సన్నం. కిందికి పోనుపోను ఇరుకయ్యే పగుల్లో చేత్తో పెట్టాలి. కిందికి గుంజిన కొద్దీ బిగుస్తుంది, పైకి నెడితే వచ్చేస్తుంది. మొద్దు చీల్చేటపుడు మనం దిగగొట్టే చీల సూత్రమే ఇది, కాకపోతే ఇక్కడ ఏదీ చీలదు. పెద్ద పగుళ్ళకు హెక్సెంట్రిక్. దాని ఆరు పలకలు సమానంగా వుండవు గనుక తిప్పిపెడితే వేరు వేరు వెడల్పులకు సరిపోతుంది.

సుత్తితో కొట్టని దాన్ని నమ్మేదెట్లా అని జనం మొదట జంకారు. 1973లో షునార్డ్, బ్రూస్ కార్సన్ అనే కుర్రవాడు కలిసి ఆ నోస్ దారిలోనే సుత్తి లేకుండా కొనదాకా ఎక్కారు.