పాతబండ్లు విప్పెడి తావులు

గ్రామపెద్దలారా! మనుజునకు వలెనే బండికిని ముదిమి గలదు. పాత లారీలను, కార్లను విప్పి యినుమమ్ముట మంచిపనియే. ఆ యినుము మరల కరగి పనికివచ్చును. విప్పెడి వరుస తప్పినచోనే కీడు.

అట్టి తావు నొకదానిని వాన వెలిసిన పిదప నేను చూచితిని. గుంటనీటిపై నూనెతెట్టు రంగులీనుచుండెను. ఆ నీటినే మేకలు త్రాగుచుండెను.

బండిలో ఇంజను నూనె, బ్రేకు నూనె, బ్యాటరీలో గంధకామ్లము, సీసపు పలకలు ఉండును. వీనిని తీయక వట్టినేలపై బండిని పగులగొట్టినచో నూనె మన్నులో నింకి బావికి చేరవచ్చును. సీసము పసివారి మెదడును చెరచును. ఇంతవరకు హాని లేదనదగిన మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ తెల్పుచున్నది.

కావున మొదట బ్యాటరీని వేరుచేయవలెను. పిదప ద్రవములను వేర్వేరు పీపాలలోనికి దింపవలెను. కార్లలో చల్లగాలి నిచ్చు వాయువు భూతాపమును పెంచునది. దానిని విడువక సిలిండరునకు పట్టవలెను. అటుపిమ్మటనే యినుము. ఇదియంతయు కప్పుక్రింద, సిమెంటు నేలపై జరుగవలెను. టైర్లను, తీగలను కాల్చరాదు.

2021 నాటి కేంద్ర నిబంధనలు తుక్కుశాలలకు రిజిస్ట్రేషను విధించినవి. కాలముతీరిన వాహనములపై పర్యావరణ నిబంధనలు 2025 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినవి. అయితే వ్యవసాయపు ట్రాక్టరు ఈ రెండవవాని పరిధిలో లేదు. మన యూళ్లలో ట్రాక్టర్లును మిక్కిలిగా నున్నవి గదా! దాని కాపలా మనమే చేయవలెను.

కావున పాత ట్రాక్టరు నమ్మునపుడు ధరతోపాటు ఒక్కమాట అడుగుడు: “ఇందలి నూనె యెక్కడికి పోవును? బ్యాటరీ యెవరికి చేరును?” బదులు చెప్పలేనివానికి బండి నీయకుడు. అతడిచ్చు రూకలు ఖర్చగును; చెడిన బావి మాత్రము మన మనుమలకు మిగులును.