ఒళ్లు నొప్పులు, నూనె మర్దన, బావి నీరు

నాట్లు ముమ్మరముగా సాగు దినములలో తిరుమలగిరి ప్రాంతమున ఏ ఇంటికి పోయినను సాయంకాలము ఒకే మాట వినవచ్చును: "నడుము పట్టింది, పెయ్యంతా నొస్తున్నది." ఇందులో వింత లేదు. నాటు వేయు స్త్రీ తెల్లవారినది మొదలు పొద్దు గూకు వరకు నడుము వంచి, బురదలో వెనుకకు అడుగులు వేయుచు పని చేయును. పత్తి చేనికి మందు కొట్టు రైతు 16 లీటర్ల పంపును వీపున మోయును. అందలి నీటి బరువే 16 కిలోలు, పంపు బరువు వేరు. మార్కెట్టులో హమాలీ రోజంతయు ధాన్యపు బస్తాలు ఎత్తి దించుచుండును. తాళ్లు ఎక్కు గీత కార్మికుని మోకాళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇట్టి నొప్పులకు మన పెద్దలు వాడుకచేసిన మందు నూనె మర్దన. బాలింతలకు, పసిబిడ్డలకు ఒళ్లు రుద్దుట ఇంటి ముసలమ్మల పని. మగవారికి తల, మెడ, భుజములు పట్టుట నాయీబ్రాహ్మణ వృత్తివారి నేర్పు. వైద్య గ్రంథములు దీనినే అభ్యంగనము అన్నవి. ఐరోపాలో ఈ విద్యను వ్యాయామముతో కలిపి నేర్పుటకు స్వీడన్ దేశీయుడు పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్ నగరమున సంస్థను స్థాపించెను. నిమురుట, పిసుకుట, రాపిడి, తట్టుట అని అక్కడి వారు చేసిన విభజన మన మంగలి చేతికి ముందే తెలిసిన సంగతియే.

మర్దన వలన ఏమి జరుగునో తెలిసికొనుట మంచిది. అలవాటు లేని పని చేసిన మరునాడు, మూడవనాడు కండరములు ఎక్కువగా నొచ్చును. కండరపు నారలలో కలిగిన సన్నని చిరుగులు, వాటి చుట్టు వచ్చిన వాపు దీనికి కారణము. "చెడు ఆమ్లము చేరినది, రుద్దితే పోవును" అను మాట నేటికిని వినబడుచున్నది గాని, ఆ ఆమ్లము పని మానిన గంట, రెండు గంటలలోనే రక్తములో కలిసి పోవును. మర్దన బిగుసుకున్న కండరమును సడలించును, నొప్పి తెలియుటను కొంత తగ్గించును, నిద్ర పట్టించును. అంతకు మించి అది చేయునది తక్కువ. నూనె కీలు లోనికి దిగి కందెన వలె పనిచేయునని అనుకొనుట కూడ పొరపాటే. చేయి జారుటకే నూనె. కనుక నువ్వుల నూనె గాని, ఆముదము గాని ఇంటిలో ఉన్నది చాలును. ఖరీదైన సీసాల కొరకు అప్పు చేయనక్కరలేదు.

ఇక చేయు విధానము. మందు కొట్టి వచ్చినవారు సబ్బుతో స్నానము చేసి బట్టలు మార్చుకొననిదే ఒంటికి నూనె ముట్టనీయరాదు. పురుగుమందులలో పెక్కు నూనెలో కరుగునవి. చర్మముపై మిగిలిన మందును నూనెతో రుద్దినచో అది ఒంటిలోనికి మరింతగా పోవును. ఈ ఒక్క మాటను ప్రతి పత్తి రైతు ఇంటిలోను గుర్తుంచుకొనవలెను.

నులక మంచము మధ్యలో కుంగును గనుక నేలపై చాప, దానిపై బొంత పరచి బోరగిల పడుకొనబెట్టవలెను. నూనె గోరువెచ్చగా ఉండవలెను. మొదట అరచేతితో మెల్లగా నిమురవలెను. చర్మము వెచ్చబడిన పిదప కండరమును పిండి ముద్దను పిసికినట్లు పట్టి విడువవలెను. నడుము వద్ద వెన్నెముక మీద ఎన్నడును నొక్కరాదు. దానికి ఇరుప్రక్కల త్రాళ్లవలె దిగు కండరములను అరచేతి మడమతో క్రింది నుండి పైకి నెట్టవలెను. కాళ్లకు మడమ నుండి తొడ వైపు, చేతులకు మణికట్టు నుండి భుజము వైపు రుద్దవలెను. గడ్డ కట్టినట్లు తగులు చోట బొటనవ్రేలితో అర నిమిషము నొక్కి పట్టి విడిచిన చాలును. ఒక్కొక్క భాగమునకు పది, పదిహేను నిమిషములు మించనక్కరలేదు. నొప్పితో కూడిన హాయి ఉండవచ్చును. ఊపిరి బిగబట్టవలసి వచ్చినదనిన బలము ఎక్కువైనట్లే. పిల్లలను వీపుపై ఎక్కించి త్రొక్కించుకొను అలవాటు మన ఊళ్లలో కలదు. పడుచువారికి ఏమియు కాకపోవచ్చును గాని, ఎముకలు పలుచబడిన ముసలివారికి అది ప్రమాదకరము.

మోకాలి అరుగుదలకు చిప్పను రుద్దుట కన్న తొడ ముందరి కండరమును పిసుకుట మేలు. 2006లో అమెరికాలో మోకాళ్ల అరుగుదల గల 68 మందిపై జరిపిన పరీక్షలో, 8 వారముల మర్దన పొందినవారికి పొందనివారి కంటె నొప్పియు, బిగుతును తగ్గినట్లు తేలినది. అయినను మర్దన ఒక్కదానిని నమ్ముకొనరాదు. మంచము అంచున కూర్చుండి కాలు నిటారుగా చాచి, అయిదు లెక్కించు వరకు నిలిపి దించుట, ఇట్లు ఒక్కొక్క కాలికి పది మార్లు పూటపూటకు చేసినచో తొడ బలపడి మోకాలిపై భారము తగ్గును. దీనికి ఖర్చు లేదు, మరొకరి చేయి అవసరము లేదు. అందువలననే కాబోలు, దీనిని చేయువారు తక్కువ.

వావిలాకు కాపడము, ఇసుక మూట, ఉప్పు మూట మంచివే. మూటను మొదట కాపు పెట్టువారు తమ మోచేతి లోపలి వైపు తాకించి చూచుకొనవలెను. చక్కెర వ్యాధి వలన పాదములు తిమ్మిరెక్కి స్పర్శ తెలియనివారికి కాపడము పెట్టరాదు. కాలి బొబ్బలెక్కినను వారికి తెలియదు. జిల్లేడు ఆకు కట్టువారు దాని పాలు కంట పడకుండ చూచుకొని చేతులు కడుగుకొనవలెను. బెణికిన కాలికి మొదటి రెండు దినములు రుద్దుట గాని, కాపడము గాని పనికిరాదు; కుండ నీటిలో తడిపిన గుడ్డ వేసి కాలు ఎత్తున పెట్టుటయే చికిత్స.

కొన్ని నొప్పులకు చేయి తగిలించనే రాదు. ఒక్క పిక్క మాత్రమే వాచి వేడిగా, ఎర్రగా ఉన్నచో నరములో రక్తము గడ్డకట్టి ఉండవచ్చును. రుద్దినచో ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయి ప్రాణము తీయవచ్చును. జ్వరముతో కూడిన కీలు వాపు, పడిన తరువాత వంకర తిరిగిన చేయి లేక కాలు, నడుము నొప్పితో పాటు కాళ్లు చచ్చుబడుట, మూత్రము బిగియుట, ఇవన్నియు నేరుగా ఆసుపత్రికి పోవలసినవి. చెమటలు పట్టి ఎడమ భుజము లాగుచున్నదని చెప్పువానికి నూనె తెచ్చుచు కాలము గడపరాదు. అది గుండె నొప్పి కావచ్చును.

ఈ ప్రాంతపు రైతులకు వీటన్నిటి కంటె ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. నేడు సూర్యాపేట జిల్లాలో చేరిన తిరుమలగిరి 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలోనిది. నల్లగొండ పేరు వైద్య గ్రంథములకెక్కినది ఒక నొప్పి వలననే. నీటిలోని ఫ్లోరైడు ఎముకలను కీళ్లను బిగియజేయునని మన దేశమున 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో కనుగొనిరి. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి డాక్టర్ సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసెను. పటికతోను, సున్నముతోను నీటిలోని ఫ్లోరైడును తీసివేయుటకు నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ 1970 దశకములో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పద్ధతి అనియే పేరు.

ఈ వ్యాధి మొదట వచ్చునది మామూలు వాతపు నొప్పి వేషములోనే. నడుము, మెడ బిగియును, కీళ్లు నొచ్చును. వాతమనుకొని ఏండ్ల తరబడి నూనె రుద్దించుకొనుచు, నొప్పి బిళ్లలు మ్రింగుచు, అదే బోరు నీటిని త్రాగుచుందురు. బిళ్లలు మూత్రపిండములను చెరచును. ఎముకలో చేరిన ఫ్లోరైడు అట్లే పెరుగుచుండును. పిమ్మట వెన్ను కర్ర వలె బిగిసి, వెన్నుపాము నలిగి కాళ్లు పడిపోవుటయు కలదు. అట్టివారి మెడను త్రిప్పి "టక్కు"మనిపించుట, నడుమును బలవంతముగ వంచుట ఎంత అపాయమో చెప్పనలవి కాదు.

దీనిని అనుమానించుటకు ఇంటిలోనే మూడు పరీక్షలు చేసికొనవచ్చును. మోకాళ్లు వంచకుండ నేల మీది నాణెమును తీయగలరా? గడ్డమును ఛాతీకి ఆనించగలరా? చేతులు ప్రక్కలకు చాచి, మడిచి, తల వెనుక భాగమును తాకగలరా? వీటిలో దేనిని చేయలేకపోయినను, పండ్లపై గోధుమ రంగు చారలున్నను, వెంటనే ప్రభుత్వ వైద్యుని కలిసి నీటిని పరీక్ష చేయించవలెను. వయసు వలన కూడ నడుము బిగియును గనుక ఈ పరీక్షలే తుది నిర్ణయము కావు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండుట మేలు. వేరు నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు మన దేశపు ప్రమాణము అనుమతించుచున్నది. నీటిని కాచి త్రాగినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వలన శుద్ధి చేసిన నది నీరు ఇళ్ల కుళాయిలకు వచ్చుచున్నది. కాని మనము దాహము తీర్చుకొనునది ఇంటిలో కన్న చేనిలోనే ఎక్కువ. మండుటెండలో కలుపు తీయునప్పుడు, వరి కోయునప్పుడు మోటారు గొట్టము క్రింద దోసిలి పట్టుట అందరికి అలవాటు. ఇంటి కుళాయి నీటిని సీసాలలో పట్టుకొని పోవుట కూలీలకు భారమని యజమాని తలపరాదు. ఒక్క ప్లాస్టిక్ క్యాను సైకిలుకో, మోటారు సైకిలుకో కట్టినచో పది మందికి పూట గడచును. పాలు, ఆకుకూరలు, నిమ్మ, ఉసిరి ఆహారములో ఉండుటయు ఈ వ్యాధి విషయమున మేలు చేయును.

గ్రామ పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు తమ ఊరి పొలములలోని బోర్లలో కూలీలు త్రాగుటకు వాడునవి ఏవో గుర్తించి, నీటి నమూనాలను పరీక్షకు పంపి, ఫ్లోరైడు ఎక్కువగా తేలిన బోరు గొట్టముపై ఎర్ర రంగు వేయించుట కష్టమైన పని కాదు. నాట్లకు ముందే, వానలు పడక పూర్వమే, ఈ పని ముగించుకొనవలెను. నమూనా పట్టు సీసా ప్లాస్టిక్‌దై, శుభ్రమైనదై, అదే నీటితో రెండు మూడు మార్లు కడిగినదై ఉండవలెను.