శరీరపు జ్ఞాపకశక్తి

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలలో పత్తి మోడు కాలికి గ్రుచ్చుకొనుట సామాన్యము. చర్మమను కోటగోడకు గండి పడగానే మన్నులోని సూక్ష్మజీవులు లోనికి చొరబడును. తోడనే తెల్ల రక్తకణములు మూగి వానిని మ్రింగివేయును. గాయము ఎఱ్ఱవాఱి వాచుట ఈ పోరాటమునకు గుర్తు. మరికొన్ని కణములు శత్రువునకు తగిన ప్రతిరక్షకములను తయారుచేసి, వాని రూపును జ్ఞాపకముంచుకొనును. అందుచేతనే తట్టు ఒకసారి వచ్చినవారికి సాధారణముగా మరల రాదు. ఇదియే రోగనిరోధక శక్తి.

ధనుర్వాతము మాత్రము అట్లు కాదు. దాని విషము రవంతయైనను ప్రాణము తీయగలదు. కాని శత్రువును గుర్తించుటకు శరీరమునకు ఆ రవంత చాలదు. కావున చంపెడు గుణము పోగొట్టిన ఆ విషమునే టీకాగా వేసి, శరీరమునకు ముందుగా పాఠము నేర్పుదురు. ఆ జ్ఞాపకము క్రమముగా సన్నగిల్లును గనుక మన దేశమున 10వ ఏటను, 16వ ఏటను టీకా మరల వేయుదురు. పాఠము మరచిన శరీరమునకు చిన్న మోడైనను పెద్ద అపాయమే.