ముహూర్తం మారదు.. వాతావరణం మారుతుంది

కిందటి వేసవిలో ఓ మధ్యాహ్నం ఒక పెద్దావిడను పట్టుచీరతోనే ఆటోలో మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. పెళ్లికొడుకు తల్లి. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ పోల్చుకోవడం లేదు. ‘పొద్దుటి నుంచి ఉపవాసం డాక్టర్‌గారూ, నీరసపడింది. ఒక గ్లూకోజు పెట్టి పంపండి, అప్పగింతల వేళకి ఉండాలి’ అన్నాడు ఆమె తమ్ముడు. ఒళ్లు కాలిపోతోంది. థర్మామీటరు 105 చూపించింది. వడదెబ్బ. చీర వదులు చేసి, ఒళ్లంతా తడిపి, రెండు వైపులా ఫ్యాన్లు పెట్టి, చంకల్లో, గజ్జల్లో ఐసు ముక్కలు ఉంచాం. మనిషి తేరుకుంది కానీ ఇల్లు చేరింది మూడో రోజున. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, ఉదయం నుంచి చుక్క నీరు ముట్టని ఆవిడ బీపీ మాత్ర మాత్రం మర్చిపోకుండా వేసుకుంది. అందులో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసి ఉంది.

మన ములకలపల్లి, పాల్వంచ, భద్రాచలం వైపు పెళ్లిళ్ల కాలమే అలాంటిది. వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలు మండుటెండల్లో పడతాయి. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు కొత్త కాదు. అదే ఎండ సాయంత్రానికి మబ్బు పట్టించి, గాలిదుమారం లేపి, పిడుగులు కురిపిస్తుంది. ఆషాఢం దాటాక శ్రావణ ముహూర్తాలకేమో వాగులు అడ్డం. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన 1986 ఆగస్టు వరద వచ్చింది శ్రావణంలోనే. ముహూర్తం జరపలేం. నిజానికి జరపనక్కర్లేదు కూడా. శ్రీరామనవమి నాడు మిథిలా స్టేడియంలో రాములవారి కల్యాణం నడి మధ్యాహ్నమే కదా జరిగేది! అందుకే అక్కడ ఏటా చలువ పందిళ్లు వేస్తారు, మజ్జిగ, మంచినీళ్లు పంచుతారు, వైద్య శిబిరాలు పెడతారు. మీ ఇంటి పెళ్లికీ ఆ పద్ధతే కావాలి, కాస్త చిన్న కొలతలో.

పందిట్లో గాలి ఆడాలి

చెమట పట్టడం వల్ల కాదు, ఆ చెమట ఆరడం వల్ల ఒళ్లు చల్లబడుతుంది. టెంటుకు నాలుగు వైపులా గుడ్డలు కట్టేసి, లోపల నీళ్ల కూలర్లు పెడితే కాసేపు హాయిగానే ఉంటుంది. రెండొందల మంది చేరాక లోపలి గాలి తేమతో బరువెక్కుతుంది. చెమట కారుతుంది తప్ప ఆరదు. కూలర్లు పెట్టేట్టయితే కనీసం రెండు వైపులు తెరిచి ఉంచమని టెంటువాళ్లకు చెప్పండి. ఫొటోల్లో బాగుండదంటారు. అనుకోనివ్వండి.

పెళ్లికూతురు, పెళ్లికొడుకు, కన్యాదానం చేసే తల్లిదండ్రులు.. ఖాళీ కడుపుతో, బరువైన బట్టల్లో, హోమం పొగ పక్కన, వీడియో లైట్ల కింద గంటలకొద్దీ కూర్చునేది వీళ్లే. పాలు, పండ్లు, కొబ్బరినీళ్లు తీసుకోవచ్చా అని పురోహితుడిని ముందే అడగండి. నాకు తెలిసిన ఏ పంతులుగారూ కాదనలేదు. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు వారం ముందే డాక్టర్ని కలవాలి. ఉపవాసం ఉంటూ ఇన్సులిన్, షుగరు మాత్రలు మామూలు మోతాదులో తీసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అలాగని సొంతంగా మానేయడమూ మంచిది కాదు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఓ ఇరవై దగ్గరుంచుకోండి. 20.5 గ్రాముల ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు. అట్టపెట్టెల్లో దొరికే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు. వాటి పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది కూడా. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ అందరికీ మంచిది.

ఎండలో ఉన్న మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా, ఫిట్స్ వచ్చినా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు. ఆసుపత్రికి బయల్దేరేలోపే నీడకు చేర్చి, నీళ్లతో తడిపి, విసరడం మొదలుపెట్టాలి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఉరుము వినిపిస్తే..

ఇనుప గొట్టాల టెంటు, చింతచెట్టు, ట్రాక్టరు ట్రక్కు.. మూడూ పిడుగు నుంచి కాపాడలేవు. పక్కా భవనం గానీ, అద్దాలు ఎత్తిన కారు గానీ కావాలి. ఇంటి ముందు పందిరి వేస్తుంటే దగ్గర్లోని బడి గదుల తాళాలు ఎవరి దగ్గరున్నాయో ముందురోజే కనుక్కోండి. చివరి ఉరుము విన్నాక అరగంట వరకూ బయటికి రావద్దు. ‘దామిని’ యాప్ చుట్టుపక్కల పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. పెళ్లి పనుల్లో లేని కుర్రాడొకడికి ఆ ఫోను అప్పగించండి.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు, ముట్టుకోవచ్చు. స్పందన, శ్వాస లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున నొక్కాలి. పేడలో పూడ్చడం వంటివి చేస్తూ కూర్చుంటే బతికే మనిషిని పోగొట్టుకుంటాం.

గాలి మొదలైతే సీరియల్ లైట్లకు, మైకుకు ముందు కరెంటు తీసేయాలి. తడిసిన టెంటు గొట్టానికి వైరు ఆనితే పందిరంతా షాకే.

భోజనాలు, ప్రయాణాలు

వానతో పంక్తి రెండు గంటలు ఆలస్యమైతే వండినవి అలాగే ఉంటాయి. ఎండాకాలంలో అన్నం, మాంసం, పాల స్వీట్లు బయట గంటకు మించి ఉండకూడదు, లేదా పొగలు కక్కే వేడిలోనే ఉండాలి. అన్నంలో పుట్టే కొన్ని విషాలు మళ్లీ వేడిచేసినా పోవు. అందుకే వంటవాళ్లతో అన్నం, కూర రెండు విడతలుగా వండించడం మేలు. ఐసు గడ్డలు డ్రింకు సీసాల చుట్టూ పెట్టడానికే, గ్లాసుల్లో వేయడానికి కాదు.

శ్రావణంలో పెళ్లివారి బండి పొంగే వాగు దగ్గర ఆగిందంటే ముహూర్తం పోయినా సరే ఆగాల్సిందే. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చేస్తుంది, రెండడుగులైతే పెద్ద బండ్లనూ కొట్టుకుపోతుంది. వీలైతే ముందురోజే విడిదికి చేరిపోండి.

విడిదిలో చుట్టాలంతా కింద చాపల మీద పడుకుంటారు. వానాకాలం రాత్రుళ్లు కట్లపాము పక్కల్లోకి వస్తుంది. దాని కాటు చాలామందికి నొప్పే తెలియదు, గాటు కూడా కనిపించదు. తెల్లవారాక కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలైతే ‘భోజనం పడలేదు’ అనుకోకండి. గతంలో అలా ఆలస్యం చేసి తెచ్చిన పిల్లాడిని మేం దక్కించుకోలేకపోయాం. మంచాలు చాలకపోతే చాప అంచుల కిందికి మడిచిన దోమతెర అయినా ఉండాలి. విషానికి విరుగుడు మందు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. కట్టు బిగించడం, గాటు పెట్టడం వద్దు.

అడవి అంచు ఊళ్లలో ఫోను సిగ్నలు అన్నిచోట్లా దొరకదు. పందిరికి దగ్గర్లో 108కి ఎక్కడి నుంచి ఫోను కలుస్తుందో ముందే చూసి పెట్టుకోండి. ఆ రోజు ఒక కారు, మందు ముట్టని ఒక డ్రైవరు అప్పగింతలు అయ్యేదాకా పందిరి దగ్గరే ఉండాలి, బండి ముందు ఇంకో బండి ఆపకుండా.